మా పిల్లికి వచ్చిన రాచపుండు

పిల్లినిగూర్చి వ్రాయుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని నోరులేని ప్రాణికి వ్యాధి వచ్చినప్పుడు ఏమి చేయవలెనో నిర్ణయించు భారము తఱచుగా గృహిణిమీదనే పడును. కావున మా యనుభవమును విన్నవించుచున్నాము.

మా యింటి పిల్లికి 12 ఏండ్లు. ఒకనాడు దాని పొట్ట నిమురుచుండగా చన్ను ప్రక్కను రేగిపండంత గడ్డ చేతికి తగిలినది. తిండి తినుచున్నది గదా యని ఉపేక్షించితిమి. రెండు నెలలకది నిమ్మకాయంత యైనది.

పశువైద్యుడు చూచి, పిల్లులకు చన్నులలో పుట్టు గడ్డలు నూటికి 80కి పైగా రాచపుండ్లేయనియు, 2 సెంటీమీటర్లు మించకమునుపే ఆ వైపు చన్నుల వరుసనంతయు కోసి తీసివేసినచో కొన్ని యేండ్లు బ్రతుకుట కలదనియు, 3 సెంటీమీటర్లు మించినచో తఱచుగా నెలలే మిగులుననియు చెప్పెను. రేగిపండు నాటి మా యాలస్యము మమ్ము శూలమువలె పొడిచినది. ఎక్సురే తీయగా వ్యాధి ఊపిరితిత్తులకును ప్రాకియున్నది.

మా వారు "ఖర్చునకు వెనుదీయవలదు, శస్త్రచికిత్స చేయింతము" అనిరి. మా అత్తగారు "దానిని కోయించి మనము బావుకొనునదేమి?" అనిరి. స్వర్గద్వారముకడ సైతము కుక్కను విడువనొల్లని ధర్మరాజు మాకు జ్ఞప్తికి వచ్చెను. చికిత్స మానుట విడిచిపెట్టుట కాదా యని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మఱునాడు వైద్యుని ఇట్లడిగితిమి: "కోసినచో దానికి దక్కు దినములలో సుఖముగా తిని, యెండలో పండుకొను దినములెన్ని?" గాయము మానుటకే రెండు వారములు పట్టుననియు, ఊపిరితిత్తులలోని వ్యాధి కత్తికి లొంగదనియు, మూడు వారములకొకసారి ఎక్కించు మందు సైతము దానిని నిర్మూలింపజాలదనియు ఆయన చెప్పెను. అప్పుడు మా వారును సమ్మతించిరి. నొప్పి తగ్గించు మందు మాత్రమే యిప్పించితిమి.

ఏడు వారములు అది మా వసారాలో నెండ కాచుకొన్నది. పిదప తిండి మాని, నోరు తెఱచి రొప్పసాగెను. వైద్యుడు మా యింటికే వచ్చి, ముందు మత్తు కలిగించి, తరువాత కడపటి సూది వేసెను. దానికి మున్ను మా అత్తగారు తమంతట తాము తులసితీర్థము తెచ్చి దాని పెదవులు తడిపిరి. అది మా యొడిలోనే కన్ను మూసినది.

పిల్లిని పెంచు సోదరీమణులు నెలకొకసారి దాని పొట్టను తడవి చూడవలెను. సెనగగింజంత గడ్డ తగిలినను జాగు చేయరాదు. తిరుపతి, గన్నవరము, రాజేంద్రనగరములలోని పశువైద్య కళాశాలలకు ఆసుపత్రులు కలవు. మనము వాడు పారాసిటమాల్ మాత్ర పిల్లికి విషము. ఒక్కటియైనను ప్రాణము తీయగలదు. ఆడపిల్లికి ఆఱు నెలలు నిండకమునుపే సంతాననిరోధక శస్త్రచికిత్స చేయించినచో ఈ రోగభయము సుమారు నూటికి 90 పాళ్లు తగ్గును.

ఇప్పుడు మా యింట మఱియొక పిల్లికూన తిరుగాడుచున్నది. దానికి అయిదవ నెలలోనే ఆ శస్త్రచికిత్స చేయించితిమి.