కత్తి ఒకటి, కథలు పది
ఆఫ్రికా సంప్రదాయ ఆయుధాల సేకరణ: అపోహలు – వాస్తవాలు

ఐరోపా వేలంపాటల జాబితాల్లో ఆఫ్రికా ఆయుధాల పేజీ తిప్పితే "తలలు నరికే కత్తి" అన్న మాట తరచు తగులుతుంది. ఆ మాట ఉంటే బేరం చురుగ్గా సాగుతుంది. నిజంగా ఆ కత్తి ఎవరి తలైనా నరికిందా అని అడిగేవాళ్లు తక్కువ.

19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో వలస సైనికులు, మిషనరీలు, వర్తకులు పెట్టెలకెత్తి తెచ్చుకున్న కత్తులు నేటికీ వేలాల్లో చేతులు మారుతున్నాయి. వాటితో పాటు వాళ్లు చెప్పుకున్న కథలూ చేతులు మారుతున్నాయి. అప్పట్లో సంపన్నుల ఇళ్లలోనూ మ్యూజియంలలోనూ కత్తులను, బల్లేలను గోడమీద విసనకర్రలా పరిచి బిగించేవారు. పెళ్లికి ఇచ్చిన ఇనుము, నాట్యంలో పట్టిన కత్తి, రాజు ప్రమాణం చేసిన ఖడ్గం అన్నీ ఆ గోడమీద ఒక్కతీరుగా యుద్ధాయుధాలైపోయాయి. సేకరణ మొదలుపెట్టేవాళ్లు ముందు వదిలించుకోవాల్సింది ఆ గోడ నేర్పిన పాఠాన్నే.

అపోహ: ఆకారం భయపెట్టేలా ఉంటే అది తలారి కత్తే.

వాస్తవం: ఈ పేరు ఎక్కువగా మోసేది కాంగో నదీతీరపు 'న్గులు'. ఎన్‌గోంబే, డోకో వంటి జాతుల కత్తి ఇది. వెడల్పాటి బ్లేడు మధ్యలో వంపు తిరిగి, చివర అర్ధచంద్రాకారపు కొక్కెంలా విచ్చుకుంటుంది. చెక్క పిడికి రాగి తీగో ఇత్తడి తీగో చుట్టి ఉంటుంది. యాత్రికుడు స్టాన్లీ అనుచరుడిగా 1880లలో కాంగోలో పనిచేసిన ఇ. జె. గ్లేవ్, 1890లో అమెరికా పత్రిక 'సెంచురీ'లో ఒక బానిస శిరచ్ఛేదాన్ని వర్ణించాడు. మనిషిని కూర్చోబెట్టి కట్టేసి, వంచిన చెట్టుకొమ్మకు తల తగిలించి, ఒక్క వేటుతో నరికిన దృశ్యం అది. పాశ్చాత్య పాఠకుల మనసులో ఆ బొమ్మ ముద్రపడిపోయింది.

అలాంటి శిక్షలు జరగలేదని కాదు. కానీ ఒక ప్రాంతంలో పెద్దమనుషులందరి దగ్గరా ఉన్న కత్తి కేవలం తలారి పనిముట్టు ఎలా అవుతుంది? న్గులు హోదాకు గుర్తు. పెద్దలు సభల్లో, నాట్యాల్లో చేతపట్టేవారు. చెక్కతో చేసిన న్గులులు కూడా మ్యూజియంలకు చేరాయి. వాటితో ఏ తలా తెగదు.

అపోహ: రెండు మూడు కొనలున్న కత్తులన్నీ విసరడానికే.

వాస్తవం: విసిరే కత్తులు ఉన్న మాట నిజం. మధ్య ఆఫ్రికాలోని అజాండే యోధులు 'క్పింగా' అనే బహుముఖ కత్తులను డాలు వెనక తగిలించుకుని యుద్ధానికి వెళ్లేవారు. గాల్లో గిరగిరా తిరుగుతూ వెళ్లే కత్తి ఏ కోణంలో తగిలినా ఏదో ఒక కొన దిగుతుంది. అయితే ఈ ఆకారం నచ్చి చాలా జాతులు దాన్ని వేరే పనులకు వాడుకున్నాయి.

సూడాన్ ఉదాహరణ చూడండి. 1880లు, 90లలో, మహదీ అనే మతనాయకుడు నెలకొల్పిన రాజ్యంలో తయారైన కొన్ని 'విసిరే కత్తులు' ఒట్టి పల్చటి రేకులు. వాటి నిండా ఆమ్లంతో చెక్కిన అరబిక్ అక్షరాలు ఉంటాయి. విసిరితే వంగిపోతాయి. దక్షిణాది జాతుల ఆయుధ రూపాన్ని తీసుకుని, దానిమీద మత వాక్యాలు రాసి, అధికార చిహ్నంగా మార్చుకున్నారు. గాబన్ ప్రాంతపు కోటా జాతి పక్షితల కత్తినీ చాలామంది విసిరే కత్తుల జాబితాలో చేరుస్తుంటారు. కొమ్ముముక్కు పక్షి తలలా మలిచిన ఆ బ్లేడులో కన్ను ఉండాల్సిన చోట త్రికోణపు చిల్లు ఉంటుంది. దాన్ని ఊరేగింపుల్లో, నాట్యాల్లో చేతపట్టేవారు.

అన్నిటికంటే ఆసక్తికరమైనది కాంగోలోని కూబా రాజ్యం కథ. 17వ శతాబ్దపు రాజు ష్యామ్ విసిరే కత్తిని నిషేధించి, దాని స్థానంలో 'ఇకుల్' అనే పొట్టి కత్తిని శాంతి చిహ్నంగా తెచ్చాడని కూబా సంప్రదాయం చెబుతుంది. 1900ల తొలి దశకంలో అక్కడ తిరిగిన ఎమిల్ టోర్డే ఈ కథను నమోదు చేశాడు. అతను తెచ్చిన ష్యామ్ రాజు కొయ్యబొమ్మ నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. బాసింపట్టు వేసుకున్న రాజు ఎడమచేతిలో ఇకుల్ ఉంటుంది. ముందు మన వామనగుంటల పీటలాంటి ఆటపీట ఉంటుంది. కత్తి పట్టిన ఆ రాజు కూబా జనం దృష్టిలో యుద్ధం మాన్పించినవాడు.

అపోహ: ఎంత పెద్ద బ్లేడైతే అంత గొప్ప యోధుడిది.

వాస్తవం: కాంగో తూర్పు ప్రాంతంలో దాదాపు మనిషెత్తు ఉండే ఈటె ఆకారపు ఇనుప పలకలు దొరుకుతాయి. 'లిగాండా' అంటారు. వాటిని ఎత్తి పోరాడటం అయ్యే పని కాదు. అవి డబ్బు. పెళ్లిలో పిల్ల తండ్రికి చెల్లించే ఓలిలో వాటిని లెక్కపెట్టి ఇచ్చేవారు. పశ్చిమాన లైబీరియా, సియెర్రా లియోన్, గినీ ప్రాంతాల్లో మెలితిప్పిన సన్నని ఇనుప కడ్డీలు నాణేల్లా చెలామణీ అయ్యాయి. ఇనుము తీయడానికి అంత శ్రమ పడేచోట ఇనుమే ధనం కావడంలో వింత లేదు.

అపోహ: మంచి ఇనుము పనితనం ఆఫ్రికాకు బయటి నుంచి వచ్చింది.

వాస్తవం: బుర్కినాఫాసోలోని పురాతన ఇనుప కొలుములను యునెస్కో 2019లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిలో దూరూలా దగ్గరిది క్రీస్తుపూర్వం 8వ శతాబ్దానిది. అక్కడ ఇప్పుడు రాతి నుంచి ఇనుము తీయడం ఆగిపోయింది. అయినా ఊరి కమ్మరులు పనిముట్లు చేస్తూనే ఉన్నారు, క్రతువుల్లో తమ పాత్ర నిర్వహిస్తూనే ఉన్నారు.

టాంజానియాలో విక్టోరియా సరస్సు పడమటి ఒడ్డున ఉన్న హాయా జాతి వృద్ధులు, చిన్నప్పుడు చూసిన పద్ధతిని గుర్తుచేసుకుని 1970లలో ఒక కొలిమి కట్టి చూపించారు. తిత్తుల నుంచి గాలి తెచ్చే మట్టిగొట్టాలను కొలిమి లోపలిదాకా జొనిపారు. గాలి బొగ్గులను తాకేలోపే వేడెక్కుతుంది. ఈ పద్ధతిలో హాయా పూర్వీకులు దాదాపు రెండు వేల ఏళ్ల కిందటే కార్బన్ ఉక్కు తీశారని పీటర్ ష్మిట్, డొనాల్డ్ ఎవరీ 1978లో 'సైన్స్' పత్రికలో ప్రకటించారు.

అపోహ: సూడాన్ కత్తులు క్రూసేడ్ల నాటివి. లేదా, ఐరోపా ముద్ర ఉంటే నకిలీవి.

వాస్తవం: రెండూ తప్పే. సూడాన్ 'కస్కారా' సుమారు మీటరు పొడవున్న నిటారు కత్తి. రెండు వైపులా వాదర, పిడి దగ్గర అడ్డకమ్మి ఉంటాయి. శిలువలాంటి ఆ రూపం చూసి, 1898 ఒమ్‌దుర్మాన్ యుద్ధకాలపు బ్రిటిష్ వాళ్లు ఇవి క్రూసేడు వీరుల నుంచి చేజిక్కిన కత్తులని ఊహించుకున్నారు. అసలు సంగతి వ్యాపారం. జర్మనీలోని జోలింగెన్ వంటి ఊళ్ల నుంచి బ్లేడ్లు కట్టలు కట్టలుగా ఎడారి దాటి వచ్చేవి. 1850లలో నేటి నైజీరియాలోని కానో చేరిన యాత్రికుడు హైన్రిష్ బార్త్, జోలింగెన్ బ్లేడ్లకు అక్కడి పనివాళ్లే పిడులు బిగిస్తున్నారని రాశాడు. పరుగెత్తే తోడేలు, నెలవంక వంటి ఐరోపా ముద్రలకు మంచి గిరాకీ ఉండటంతో స్థానిక కమ్మరులు తమ కత్తులమీదా అవే కొట్టారు. కాబట్టి ముద్ర ఒక్కటే చూసి వయసు, ఊరు తేల్చేయడం కుదరదు. ఇటీవలి కత్తులకు లారీ కమాన్ పట్టీల ఉక్కు కూడా వాడుతున్నారు.

విదేశీ బ్లేడు ఉన్నంత మాత్రాన కత్తి పరాయిదైపోదు. పశ్చిమ ఆఫ్రికా నాయకుడు ఎల్ హాజ్ ఉమర్ తాల్‌ది అని చెప్పే ఖడ్గం బ్లేడు ఫ్రాన్సులోని అల్సాస్‌లో, క్లింగెన్తాల్ కార్ఖానాలో తయారైంది. పక్షిముక్కు ఆకారపు పిడి, తోలు ఒర వేరే చేతుల పని. ఫ్రెంచి సేనాని ఆర్షినార్ 1893లో బాండియగారాలో దాన్ని స్వాధీనం చేసుకున్నాడు. ఉమర్ తాల్ 1864లోనే చనిపోయాడు కాబట్టి అది ఆయన కొడుకు అహ్మదూది కావచ్చన్న వాదనా ఉంది. 2019 నవంబరులో ఫ్రాన్సు ప్రధాని ఎడ్వార్డ్ ఫిలిప్ దాన్ని డాకర్‌లో సెనెగల్ అధ్యక్షుడు మాకీ సాల్‌కు అందించాడు. బ్లేడు ఎక్కడ తయారుచేశారన్న ప్రశ్న ఆ సభలో ఎవరి గర్వాన్నీ తగ్గించలేదు.

అపోహ: బ్లేడు మీది గాడి రక్తం కారడానికి.

వాస్తవం: బరువు తగ్గించడానికి, బ్లేడు బిగువు పోకుండా ఉంచడానికి. కస్కారాకైనా, సహారా తువారెగ్‌ల 'తకూబా'కైనా, ఐరోపా ఖడ్గానికైనా ఇదే లెక్క.

అపోహ: పిడి మీద మనిషి తల చెక్కి ఉంటే అది ప్రాచీనం, అపురూపం.

వాస్తవం: ఈశాన్య కాంగోలోని మాంగ్‌బెతు రాజు ముంజాను 1870లో కలిసిన యాత్రికుడు గేయార్గ్ ష్వైన్‌ఫుర్త్ వేయించిన చిత్రంలో రాజు చేతిలో కొడవలి వంపు కత్తి ఉంటుంది. ఆ కత్తుల పిడులు మామూలుగా సాదా చెక్కతోనో దంతంతోనో ఉండేవి. వెనక్కి సాగిన పొడవాటి తల, విచ్చుకున్న జుట్టుముడి ఉన్న మనిషి రూపాలు 1900 ప్రాంతం నుంచి విపరీతంగా పెరిగాయి. కారణం కొనేవాళ్లే. వలస అధికారులు, యాత్రికులు ఆ తలలను కోరి కొన్నారు, శిల్పులు చేసిపెట్టారు. 1909–15 మధ్య హెర్బర్ట్ లాంగ్, జేమ్స్ చాపిన్ అక్కడ సేకరించినవి న్యూయార్కులోని సహజచరిత్ర మ్యూజియంలో ఉన్నాయి. వాటిని పరిశీలించిన ఎనిడ్ షిల్డ్‌క్రౌట్, కర్టిస్ కీమ్ 1990లో ఈ మార్పును వివరంగా చూపించారు. అంత మాత్రాన ఆ పిడులు నాసిరకం కావు. గొప్ప శిల్పులు చేసినవీ ఉన్నాయి. కాకపోతే వాటికి "వందల ఏళ్ల నాటివి" అని ధర కట్టడం మోసం.

అపోహ: పదును లేకపోతే అది బొమ్మకత్తి.

వాస్తవం: కొన్నిచోట్ల పదును లేని కత్తికే అధికారం ఎక్కువ. ఘనాలోని అసాంతే రాజ్యపు ఖడ్గాలకు రెండు గుండ్రటి గుబ్బలున్న చెక్క పిడి ఉంటుంది. దానికి బంగారు రేకు తాపడం చేస్తారు. బ్లేడుకు కోసే శక్తి ఉండదు. 'ఎంపోంపోన్సువో' అనే ఖడ్గం చేతపట్టి అసాంతే రాజు ప్రమాణం చేస్తాడు.

నైజీరియాలోని బెనిన్ ఆస్థానంలో 'ఎబెన్' ఉంది. ఆకులా వెడల్పై, చిల్లుల నగిషీ నిండిన కత్తి. ఉత్సవ దినాల్లో సామంతులు ఓబా (రాజు) ముందు దాన్ని గాల్లోకి ఎగరేసి, తిప్పి పట్టుకుంటూ నాట్యం చేస్తారు. చేజారి కిందపడితే అపశకునం.

అపోహ: ఆఫ్రికా కత్తులకు విషం పూసి ఉంటుంది, తాకకూడదు.

వాస్తవం: మొక్కల విషాలను ప్రధానంగా బాణాలకు పూసేవారు. వాటిలో ఒకటైన స్ట్రోఫాంథస్ నుంచి 19వ శతాబ్దంలో గుండె మందు కూడా తీశారు. సేకర్తలు జాగ్రత్తపడాల్సిన విషం మరొకటి ఉంది. పురుగు పట్టకుండా పాత మ్యూజియంలు తోలు, వెంట్రుకలు, ఈకలు ఉన్న వస్తువులకు ఆర్సెనిక్, పాదరస లవణాలు పూసేవి. మ్యూజియం నుంచి బయటికొచ్చిన తోలు ఒరను చేతితొడుగులు లేకుండా పట్టుకోకపోవడం మంచిది.

అపోహ: తోమి తళతళలాడిస్తే ధర పెరుగుతుంది.

వాస్తవం: పడిపోతుంది. దశాబ్దాల చేతి వాడకంతో పిడికి పట్టిన నిగ్గు, ఇనుముపై స్థిరపడిన నల్లటి పొర వస్తువు వయసుకు సాక్ష్యాలు. ఉప్పుకాగితంతో గీకితే బ్లేడు మీద సమ్మెట దెబ్బల జాడలూ, చెక్కిన సన్నని గీతలూ పోతాయి. ఎర్రగా రాలుతున్న తుప్పునే మెల్లగా తీసి, ఇనుముకు పల్చగా మైనం పట్టించి, తేమ లేనిచోట ఉంచితే చాలు. కత్తిని ఏళ్ల తరబడి తోలు ఒరలోనే ఉంచితే తోలు పట్టిన తేమ బ్లేడును తినేస్తుంది.

అపోహ: డబ్బిచ్చి కొన్నాక ఇక ప్రశ్నలుండవు.

వాస్తవం: వస్తువు ఎక్కడ, ఎప్పుడు, ఎవరి చేతి నుంచి వచ్చిందన్నది ఇప్పుడు ధరలోనే భాగం. 1897 ఫిబ్రవరిలో బ్రిటిష్ సేనలు బెనిన్ నగరాన్ని దోచాయి. 1874లో అసాంతే రాజధాని కుమాసీకీ అదే గతి పట్టింది. 2022లో అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ 29 బెనిన్ వస్తువులను నైజీరియాకు అప్పగించింది. అసాంతే విషయంలో బ్రిటన్ అంతదూరం రాలేదు. బ్రిటిష్ మ్యూజియం, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం కలిసి 32 వస్తువులను 2024లో కుమాసీలోని మన్‌హియా ప్యాలెస్ మ్యూజియానికి మూడేళ్ల అరువుపై పంపాయి. సుమారు 300 ఏళ్ల నాటి రాజఖడ్గం ఆ అరువు సరుకులోనే ఉంది. దోచినవాళ్లు అరువిస్తున్నారన్న విమర్శ ఘనాలో గట్టిగానే వినిపించింది.

ఆఫ్రికా దేశాల్లో పనిచేసి తిరిగొచ్చే మనవాళ్లు జ్ఞాపకంగా ఒక బల్లెమో కత్తో తెచ్చుకోవాలనుకుంటే మరో రెండు సంగతులు చూసుకోవాలి. మన ఆయుధాల చట్టం, 1959 ప్రకారం ఖడ్గాలు, బాకులు కూడా ఆయుధాలే. వాటిని దిగుమతి చేసుకోవడానికి లైసెన్సు కావాలి. పిడి ఏనుగు దంతమైతే వన్యప్రాణి చట్టం అడ్డొస్తుంది. ఆఫ్రికా ఏనుగు దంతంపై అంతర్జాతీయ వ్యాపార నిషేధాన్ని 1989లో ఆమోదించారు. అందుకే బేరం కుదుర్చుకునే ముందే రసీదు, కొన్న ఊరు, పాత యజమాని వివరాలు, పిడి దేంతో చేశారో రాసిన కాగితం అడిగి తీసుకోవాలి. అమ్మేవాడు వీటికి బదులుగా తలారి కథ మొదలుపెడితే, ఆ కథకు డబ్బివ్వాల్సిన పని లేదు.