పేటెంటు తీరిన మందు



ఆ మధ్య మా నాన్నగారు విజిట్ వీసా మీద గుంటూరు నుంచి దుబాయ్ వచ్చారు. తెచ్చుకున్న కొలెస్టరాల్ మాత్రలు చాలవేమోనని ఇక్కడి డాక్టరు గారి చేత రాయించి ఇంకో డబ్బా కొన్నాను. పేరు వేరు, రంగు వేరు, ధర చాలా ఎక్కువ. ఆయన ఇదేదో కొత్త మందనుకుని నాలుగు రోజులు రెండూ వేసుకున్నారు. తీరా చూస్తే రెండూ అటోర్వాస్టాటినే! అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. నేను కంప్యూటర్ల వాణ్ణి, డాక్టర్ని కాను. కానీ ఒకే మందుకి ఇన్ని పేర్లూ ఇన్ని ధరలూ ఎందుకా అని అప్పుడే చదవడం మొదలుపెట్టాను.

మందు కనిపెట్టిన కంపెనీకి పేటెంటు 20 ఏళ్ళు. ఆ లెక్క మందు అంగట్లోకి వచ్చిన రోజు నుంచి కాదు, దరఖాస్తు పెట్టిన రోజు నుంచి. పరీక్షలకే చాలా ఏళ్ళు పోతాయి. అందుకని అమెరికాలో 5 ఏళ్ళ దాకా పొడిగింపు ఇస్తారు. పేటెంటు ఏ దేశానికి ఆ దేశానిదే. ఒకచోట గడువు తీరినా మరోచోట ఉండొచ్చు.

గడువు తీరాక ఎవరైనా తయారు చెయ్యొచ్చు. అదే జెనెరిక్. 1984లో అమెరికా చేసిన చట్టం ప్రకారం జెనెరిక్ కంపెనీ పెద్ద పరీక్షలన్నీ మళ్ళీ చెయ్యక్కర్లేదు. తన మందు రక్తంలోకి అసలు మందులాగే చేరుతుందని చూపిస్తే చాలు. పేటెంటు చెల్లదని ముందుగా సవాలు చేసిన వాళ్ళకి 180 రోజుల ప్రత్యేక హక్కు కూడా ఉంది.

ఇక్కడే మన హైదరాబాద్ కథ. ఎలై లిల్లీ వారి ప్రోజాక్ పేటెంటు 2003 చివరిదాకా ఉండాల్సింది. బార్ అనే అమెరికన్ కంపెనీ సవాలు చేస్తే, 2000 ఆగస్టులో అప్పీలు కోర్టు చెల్లదంది. 2001 ఆగస్టులో జెనెరిక్‌లు వచ్చాయి. 20 మిల్లీగ్రాముల క్యాప్సూల్స్ మీద ఆ ఆరు నెలల హక్కు బార్‌కి, 40 మిల్లీగ్రాముల వాటి మీద మన డాక్టర్ రెడ్డీస్‌కి దక్కాయి.

ఆ నేర్పు ఎక్కడిదంటారా? 1970 నాటి మన పేటెంటు చట్టం మందుకి కాక, తయారుచేసే పద్ధతికే పేటెంటు ఇచ్చేది. వేరే పద్ధతిలో అదే మందు చేసుకోవచ్చు. 2005 జనవరి 1 నుంచి అది మారింది. అమెరికాలో అటోర్వాస్టాటిన్ జెనెరిక్ 2011 నవంబరులో గానీ రాలేదు; మన ఊళ్ళలో అంతకు చాలా ముందే దేశీ పేర్లతో దొరికేది.

గడువు తీరిన మర్నాడే ధర కూలిపోదు. ఒకరిద్దరే అమ్ముతున్నప్పుడు తగ్గేది కొంచెమే. పదిమంది పోటీకొస్తేనే బాగా దిగుతుంది.

చివరిగా, డబ్బా మీద పెద్దక్షరాల పేరు కాదు, కింద చిన్నక్షరాల్లో ఉన్న మందు పేరూ మోతాదూ ఒక కాగితం మీద రాసుకోండి. అమ్మానాన్నలు వచ్చేటప్పుడు ఆ కాగితం, డాక్టరు చీటీ వెంట ఉండాలి. కొన్ని మందులు ఎమిరేట్స్‌లోకి తేవాలంటే ముందే అనుమతి కావాలి, చూసుకోండి. మూర్ఛ, థైరాయిడ్ లాంటి వాటికి కంపెనీ మార్చేముందు డాక్టర్ని అడగండి. మా నాన్నగారి కాగితం ఇప్పుడు ఫ్రిజ్ తలుపు మీదే ఉంది.

సెలవు.