గేర్ల సైకిలు చైను ఎందుకు గరగరలాడుతుంది?

ఢిల్లీకి దగ్గరలోని సోనీపట్‌లో 1951లో మొదలైన అట్లాస్ సైకిళ్ల పేరు మీరు వినే ఉంటారు. అలాంటి మామూలు సైకిలుకు ముందు ఒక పళ్లచక్రం, వెనక ఒక పళ్లచక్రం ఉంటాయి. రెండూ ఒకే వరుసలో ఉండటంతో చైను తిన్నగా నడుస్తుంది. గురుగ్రామ్–ఫరీదాబాద్ దారిలోని ఆరావళి ఎత్తుపల్లాలకు మాత్రం గేర్ల సైకిలే సుఖం. అయితే కొన్ని గేర్లలో అది గరగరలాడుతుంది. ఎందుకని?

ముందు 3, వెనక 7 పళ్లచక్రాలున్న సైకిలును చూడండి. ముందున్న పెద్ద చక్రం అన్నిటికంటె బయటికి, వెనకనున్న పెద్ద చక్రం అన్నిటికంటె లోపలికి ఉంటాయి. ఈ రెంటినీ కలిపితే చైను సుమారు 2 సెంటీమీటర్లు పక్కకు ఏటవాలుగా సాగాలి. చైను లింకులు చక్రం చుట్టూ మడిగేందుకు చేసినవి; పక్కకు వంగడం వాటికి కష్టం. అందుకే పళ్లను ఒరుసుకుంటూ చప్పుడు చేస్తాయి. రెండు చిన్న చక్రాలను కలిపినా అంతే.

చప్పుడుకు కారణం తెలియాలంటే, ఒకసారికి ఒక్క గేరే మార్చి వినండి. ముందు చక్రాన్ని మార్చకుండా వెనక గేరును మధ్యకు తెచ్చినప్పుడు చప్పుడు ఆగితే, కారణం ఏటవాలే. చప్పుడు పెడళ్ల దగ్గర గీసుకుంటున్నట్లుంటే, చైనును పక్కకు నెట్టే రేకుల పంజరానికి అది తగులుతున్నట్లు. మధ్య గేర్లలోనూ వెనక టిక్కుటిక్కుమంటే కేబులు బిగువును సరిచేయాలి. అన్ని గేర్లలోనూ కీచుమంటే చైను ఎండిపోయిందన్నమాట. మే, జూన్ నెలల్లో ఢిల్లీ గాలిదుమారాల ఇసుక చైనులో చేరుతుంది. ముందు గుడ్డతో తుడిచి, తర్వాత నూనె వేసి, పైన మిగిలిన నూనెనూ తుడిచేయండి. లేకుంటే దానికే మళ్లీ ఇసుక అంటుకుంటుంది.

చైను అరిగిందేమో స్కేలుతో కూడా చూడవచ్చు. ఒక పిన్ను మధ్య నుంచి లెక్కిస్తే 24వ పిన్ను మధ్యకు సరిగ్గా 12 అంగుళాలుండాలి. అది 1/16 అంగుళం పెరిగితే చైను మార్చండి. ఆలస్యం చేస్తే పళ్లచక్రాలూ అరిగి, ఖర్చు పెరుగుతుంది.

ఏటవాలు గేరును వదులుకుంటే నష్టమేమీ లేదు. ముందు 48, వెనక 28 పళ్లుంటే నిష్పత్తి 1.71. ముందు 38, వెనక 22 పళ్లుంటే 1.73. తొక్కే శ్రమ దాదాపు ఒకటే; కాని రెండో జతలో చైను చాలావరకు తిన్నగా ఉంటుంది. కాబట్టి చప్పుడు వినగానే కొత్త సామాను కొనకండి. ముందు గేరు మార్చి చూడండి.