జతచీట్ల యాట

చీట్లాట యనగానే తల్లిదండ్రులు కనుబొమలు ముడుతురు. పందెమొడ్డు పేకాట విషయమున ఆ వెరపు తగినదే. కాని యిచ్చట చెప్పబోవు ఆటలో పందెము లేదు; క్రొత్త భాష నేర్చు పసివారికి మాటలు పట్టుబడుటయే దాని ఫలము.

ఇట్టి యాట లోకమునకు క్రొత్త గాదు. జపాను దేశమున పూర్వము గుల్లచిప్పలను రెండుగా విడదీసి, బోర్లించి, జతగూర్చి యాడెడివారు. ఒక చిప్పకు దాని తోడిచిప్ప తక్క మరియొకటి యతకదు. 1959వ సంవత్సరమున జర్మనీలోని రావెన్స్‌బుర్గర్ వారు బొమ్మల చీట్లతో 'మెమరీ' యను పేర ఇట్టి యాటనే వెలువరించిరి.

మన పిల్లలకు హిందీ నేర్పుటకు దీనిని ఉపయోగించు విధమిది. పది మాటలను ఎన్నుకొని, దళసరి అట్టను ఇరువది సమానమైన ముక్కలుగా కత్తిరింపవలెను. పదింటిపై బొమ్మలు గీసి, తక్కిన పదింటిపై వాని హిందీ పేళ్లు వ్రాసి, అన్నిటిని కలిపి, బోర్లించి వరుసలుగా పరచవలెను. పిల్లలు వంతుల వారీగా రెండేసి చీట్లను త్రిప్పుదురు. బొమ్మకు పేరు సరిపడినచో ఆ జత వారిది; లేనిచో రెంటిని మరల బోర్లింపవలెను.

అయితే ఇందొక మోసము గలదు. చురుకైన బాలుడు నోరు మెదపకయే, ఏ చీటి యెచ్చట నున్నదో గుర్తుంచుకొని జతలన్నియు గెలువవచ్చును. మరునాడు ఏనుగు బొమ్మను చూపి పేరడిగిన తెల్లమొగము వేయును. అతడు నేర్చినది చోటే గాని మాట గాదు!

కావున ఒక నియమము తప్పక ఉండవలెను. బొమ్మ కనబడిన వెంటనే, రెండవ చీటిని ముట్టక మునుపే, దాని హిందీ పేరును బిగ్గరగా పలుకవలెను. పేరు చీటి ముందు వచ్చినచో అర్థము చెప్పవలెను. చెప్పజాలని వారికి జత దక్కదు.

ఈ నియమమునకు బలమైన కారణము గలదు. కార్పికీ, రోడిగర్ అను అమెరికా పండితులు కళాశాల విద్యార్థులకు 40 స్వాహిలీ మాటలు నేర్పి, ఆ ఫలితములను 2008లో ప్రకటించిరి. మాటలను పలుమారులు జ్ఞప్తికి తెచ్చుకొన్నవారు వారము పిమ్మట నూటికి సుమారు 80 చెప్పగలిగిరి. ఒకసారి చెప్పి, పిదప మరల మరల చూచుటతోనే తృప్తిపడినవారు ఇంచుమించు మూడవవంతే చెప్పిరి. చూచుట వేరు, మనసులోనుండి వెలికి దీయుట వేరు.

ఉపాధ్యాయులు మరియొకటి గమనింపవలెను. 'హాథ్' అనగా చెయ్యి, 'హాథీ' అనగా ఏనుగు. ఇట్లు ఒకదాని నొకటి పోలిన మాటలను ఒకేనాడు మొదలిడినచో పిల్లలు తికమకపడుదురు. ఒకటి స్థిరపడిన పిదప రెండవదానిని చేర్చుట మేలు. నిన్నటి చీట్లు రెండు మూడు నేటి చీట్లలో కలుపుటయు మరువరాదు.

తల్లిదండ్రులారా, ఆట ముగిసిన పిమ్మట మీ బిడ్డను "ఎన్ని జతలు గెలిచితివి?" అని యడుగకుడు. మరునాడు చీట్లు దాచియుంచి, "ఎన్ని మాటలు చెప్పగలవు?" అని యడుగుడు. అదియే నిజమైన గెలుపు.