కుళాయి ధార సన్నగిల్లితే

మన ఊళ్ళల్లో వరదనీరు బురదగా వస్తే బిందెలో చిల్లగింజ అరగదీసో, పటిక తిప్పో తేర్చుకునేవాళ్ళం. మడ్డి అడుగున కనబడేది. పైనీరు కాచి తాగేవాళ్ళం. ఈ దేశంలో పాత ఇల్లు కొనుక్కున్న మన కుటుంబాలకు ఆ మడ్డి మరో రూపంలో ఎదురవుతోంది. కుళాయి ధార సన్నబడుతుంది; పొద్దున్నే వచ్చే మొదటి నీళ్ళు తుప్పురంగులో ఉంటాయి. ప్లంబరును పిలిచే ముందు లోపం ఎక్కడుందో మనమే కొంత తెలుసుకోవచ్చు.

ఒక్క కుళాయిలోనే ధార తగ్గితే దాని మూతికి ఉండే ఏరేటర్ అనే చిన్న జల్లెడను విప్పి కడగాలి. సున్నం గట్టిపడితే వెనిగర్‌లో నానవేస్తే వదులుతుంది. వేడినీళ్ళు మాత్రమే సన్నగా వస్తుంటే వాటర్ హీటర్ అడుగున మడ్డి చేరిందేమో చూడాలి. అన్ని కుళాయిలూ అలాగే ఉంటే పొరుగువారిని అడగాలి. వారికి బాగానే వస్తుంటే మన మెయిన్ వాల్వు పూర్తిగా తెరిచి ఉందో లేదో చూడాలి. అదీ సరిగ్గా ఉండి, ఇల్లు 1960కి ముందు కట్టినదైతే, గాల్వనైజ్డ్ పైపులు అనుమానించవలసిందే. రక్తనాళాల్లో కొవ్వు పేరుకున్నట్లు వాటి లోపల తుప్పు పేరుకుని దారి మూసుకుపోతుంది.

ఇంతవరకూ ఇబ్బందే. అసలు ప్రమాదం సీసం. కొత్త మంచినీటి పైపుల్లో, అతుకుల్లో సీసం వాడరాదని అమెరికన్ కాంగ్రెసు శాసించింది 1986లో. అంతకుముందరి ఇళ్ళకు వీధి నుంచి సీసపు గొట్టమే వచ్చి ఉండవచ్చు. అందులోంచి ఊడిన సీసం తుప్పుకు అంటుకుని, రేణువులుగా ఏరేటర్‌లోనూ చేరుతుంది.

మిషిగన్‌లోని ఫ్లింట్ నగరంలో జరిగింది గుర్తుందిగదా! 2014 ఏప్రిల్‌లో నగరం నదినీటికి మారింది. పైపుల్ని నీరు తినకుండా కాపాడే రసాయనం కలపలేదు. నీళ్ళ రంగు, వాసన బాగాలేవని జనం మొత్తుకున్నారు. పిల్లల రక్తంలో సీసం పెరిగిందని డాక్టర్ మోనా హన్నా-అటీషా లెక్కలతో చూపింది 2015 సెప్టెంబరులో.

మనకు కాచిన నీళ్ళంటే గొప్ప నమ్మకం. కాచితే క్రిములు చస్తాయిగాని సీసం పోదు. నీరు ఆవిరైనకొద్దీ మరింత చిక్కబడుతుంది. వేడినీరు సీసాన్ని ఎక్కువగా కరిగించుకుంటుంది గనుక, అన్నానికి ఎసరైనా, బిడ్డకు పాలపొడి కలపడానికైనా వేడి కుళాయి నీళ్ళు పట్టవద్దు. రాత్రంతా పైపులో నిలిచిన నీటిని కొన్ని నిమిషాలు వదిలేసి, తర్వాత చన్నీళ్ళు పట్టుకోవాలి.

సీసానికి రంగు లేదు, రుచి లేదు. తేటగా ఉన్న నీళ్ళలోనూ ఉండవచ్చు. అందుచేత పాత ఇంట్లో ఉన్నవారు నీటిని లేబొరేటరీలో పరీక్ష చేయించాలి. ఫిల్టరు కొంటే సీసాన్ని తీసేస్తుందని దాని మీద స్పష్టంగా ధ్రువీకరించి ఉన్నదే కొనాలి.

పిల్లలకు ఇంత సీసమైతే ఫరవాలేదనే హద్దు లేదు. పైకి ఏ లక్షణమూ కనబడకుండానే అది మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంట్లో ఆరేళ్ళలోపు బిడ్డ ఉంటే, ఈసారి డాక్టరు వద్దకు వెళ్ళినప్పుడు సీసానికి రక్తపరీక్ష చేయమని మీరే అడగండి. అలా అడిగితే మేము వైద్యులం ఏమీ అనుకోము.