రోబో అంటే వెట్టివాడు: సైన్స్ ఫిక్షన్ కథల్లోని రాజకీయం

మా సంఘం గదిలో ఆదివారం పూట పిల్లలకు తెలుగు చెబుతుంటాం. ఆ మధ్య తొమ్మిదో తరగతి చదివే ఒక కుర్రవాడు "తాతగారూ, రోబోని తెలుగులో ఏమంటారు?" అని అడిగాడు. మరమనిషి అంటారని చెప్పాను. "అయితే రోబో అనేది ఇంగ్లీషు మాటేనా?" అన్నాడు. అది చెక్ భాష నుంచి వచ్చిందని చెప్పి, దాని అసలు అర్థం వివరించాను. పిల్లలను తీసుకువెళ్లడానికి వచ్చిన పెద్దవాళ్లు కూడా కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. ఆ రోజు మొదలైన కబుర్లు నాలుగు ఆదివారాలు సాగాయి. వాటినే వరుసలో పెట్టి ఇక్కడ రాస్తున్నాను.

సైన్స్ ఫిక్షన్ అంటే మనలో చాలామందికి రాకెట్లు, గ్రహాంతరవాసులు, పిల్లల కాలక్షేపం. పేరున్న పాత రచయితల కథలు విప్పి చూస్తే వాళ్లు తమ కాలంలోని ప్రభుత్వాల గురించి, మిల్లుల గురించి, యుద్ధాల గురించి రాసుకున్నారని తెలుస్తుంది. కథ ఏ గ్రహం మీద జరిగినా మూడు ప్రశ్నలు వేసుకుని చదివితే అందులోని రాజకీయం బయటపడుతుంది. పని ఎవరు చేస్తున్నారు? ఎవరి మాట చెల్లుతోంది? రికార్డు ఎవరి చేతిలో ఉంది?

పని ఎవరిది?

చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో 'ఆర్.యు.ఆర్.' అనే నాటకం రాశారు. మరుసటి ఏడాది దాన్ని ప్రాగ్ నగరంలో ప్రదర్శించారు. అందులో ఒక ఫ్యాక్టరీ మనుషుల్లాంటి పనివాళ్లను తయారుచేసి అమ్ముతుంటుంది. వాళ్లకు ఏ పేరు పెట్టాలో తోచక చాపెక్ తన అన్న జోసెఫ్‌ను అడిగారు. ఆయన 'రోబోత' అనే మాట నుంచి ఆ పేరు తీసి ఇచ్చారు. రోబోత అంటే జమీందారు పొలంలో రైతు కూలి లేకుండా చేసి తీరాల్సిన పని. మన మాటలో చెప్పాలంటే వెట్టి. అక్కడ ఆ వెట్టి 1848లో రద్దయింది. కాబట్టి నాటకం చూసినవాళ్ల తాతముత్తాతలు దాన్ని అనుభవించినవాళ్లే. నాటకంలో ఆ వెట్టివాళ్లు చివరికి తిరగబడతారు. రష్యాలో విప్లవం జరిగి అప్పటికి మూడేళ్లే.

చెక్ మాట్లాడేవాళ్లు ఇవాళ సుమారు కోటి మంది. 2011 జనగణనలో తెలుగును మాతృభాషగా చెప్పినవాళ్లు 8.11 కోట్ల మంది. అంత చిన్న భాష నుంచి వచ్చిన మాటను ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది.

చాపెక్ కంటే ముందే ఇంగ్లండులో హెచ్.జి. వెల్స్ ఈ పని సంగతి పట్టుకున్నారు. మన ఇళ్లలో కాలయంత్రం అనగానే 1991లో వచ్చిన 'ఆదిత్య 369' గుర్తొస్తుంది. ఆ ఊహకు మూలం 1895లో వెల్స్ రాసిన 'టైమ్ మెషీన్'. కథానాయకుడు 802701వ సంవత్సరానికి వెళతాడు. అక్కడ భూమి మీద ఆటపాటలతో గడిపే సుకుమారులు ఒక జాతి. భూమి కింద చీకటిలో యంత్రాలు నడిపేవాళ్లు మరో జాతి. ఒకప్పటి యజమానులూ కార్మికులే ఇలా రెండు జాతులుగా విడిపోయారు. పైవాళ్లను కిందివాళ్లు పశువుల్లా పెంచి తింటుంటారు. వెల్స్ తల్లి ఒక పెద్ద బంగళాలో పనివాళ్ల మీద అజమాయిషీ చూసే ఉద్యోగి. ఆ బంగళాలో పనివాళ్లు దొరల కంట పడకుండా తిరగడానికి నేల కింద సొరంగాలు ఉండేవి. వెల్స్ చిన్నప్పుడు అవన్నీ చూశారు, తర్వాత బట్టల కొట్లో పని నేర్చుకునే కుర్రవాడిగా రోజంతా నిలబడ్డారు. ఆ భూగర్భానికి మరీ దూరం వెతకనక్కర్లేదు.

1898లో పుస్తకంగా వచ్చిన 'వార్ ఆఫ్ ద వరల్డ్స్'లో అంగారకులు లండన్ మీదికి దండెత్తుతారు. టాస్మేనియా దీవి ప్రజలను ఐరోపావాళ్లు తుడిచిపెట్టిన సంగతి ఆ పుస్తకం మొదటి అధ్యాయంలోనే వస్తుంది. మనం వాళ్లకు చేసినదే రేపు మనకూ జరిగితే ఎలా ఉంటుందో చూడండి అని సామ్రాజ్యం నడిబొడ్డున కూర్చుని వెల్స్ అడిగారు.

ఇక మూడో కథ మన మద్రాసులో అచ్చయింది. 1905లో 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్' అనే పత్రికలో 'సుల్తానాస్ డ్రీమ్' అనే ఇంగ్లీషు కథ వచ్చింది. రాసింది బెంగాల్‌లో పుట్టిన రొకేయా సఖావత్ హుసేన్. ఆమె కల్పించిన దేశంలో మగవాళ్లు పరదాలో ఉండి ఇంటి పని చేస్తారు, ఆడవాళ్లు రాజ్యం ఏలతారు. వాళ్లు సూర్యుడి వేడితో వంట చేస్తారు, మేఘాల నుంచి నేరుగా నీళ్లు తీసుకుంటారు. శత్రుసేన వస్తే సూర్యకిరణాలను వాళ్ల మీదికి తిప్పి తరిమేస్తారు. మగవాళ్లు కత్తులు నూరుకుంటున్న రోజుల్లో అక్కడి ఆడపిల్లలు విశ్వవిద్యాలయాల్లో చదువుకున్నారు, అదే ఆ దేశం రహస్యం. చదువు అందకుండా ఆడవాళ్లను నాలుగు గోడల మధ్య ఉంచిన లోకాన్ని రొకేయా తలకిందులు చేసి చూపారు. 1911లో ఆమె కలకత్తాలో బాలికల కోసం బడి నడపడం మొదలుపెట్టారు.

మాట ఎవరిది?

రష్యాలో యెవ్గెనీ జమ్యాతిన్ అనే ఓడల ఇంజనీరు ఉండేవారు. విప్లవానికి ముందు బోల్షివిక్‌గా జైలుకు వెళ్లినవారు. విప్లవం గెలిచాక 1920-21లో ఆయనే ఒక నవల రాశారు. అందులో మనుషులకు పేర్లు ఉండవు, నంబర్లే. ఇళ్లకు గాజు గోడలు. నిద్ర లేవడం, తినడం, పని అన్నీ ఒకే గడియారం ప్రకారం జరుగుతాయి. ఆ నవల సొంత దేశంలో అచ్చుకు నోచుకోలేదు. 1924లో న్యూయార్క్‌లో ఇంగ్లీషులో వచ్చింది. రష్యాలో అచ్చవడానికి 1988 దాకా ఆగాల్సి వచ్చింది. జమ్యాతిన్ 1931లో స్టాలిన్‌కు ఉత్తరం రాసి, అనుమతి తెచ్చుకుని దేశం విడిచారు. 1937లో పారిస్‌లో కన్నుమూశారు.

ఆ నవల పేరు తెలుగులో చెప్పాలంటే చిక్కు వస్తుంది. రష్యన్‌లో, ఇంగ్లీషులో దానికి ఒకటే మాట. మన భాషలో రెండున్నాయి. వింటున్నవాడిని కలుపుకుంటే 'మనం', వాడిని బయట ఉంచితే 'మేము'. ఆ నవలలోని రాజ్యం జనంతో ఎప్పుడూ 'మనం' అంటుంది. నిర్ణయాలు చేసే దగ్గర మాత్రం అది 'మేము'. ఏ ప్రభుత్వం గురించైనా, ఏ సంఘం గురించైనా ఈ తేడా పట్టుకుంటే చాలు. మా సంఘాన్ని కూడా మినహాయించనక్కర్లేదు.

ఈ రచయితలందరిదీ ఒకే పార్టీ అనుకుంటే పొరపాటు. 1968లో అమెరికాలోని సైన్స్ ఫిక్షన్ పత్రికల్లో రెండు ప్రకటనలు వచ్చాయి. వియత్నాం యుద్ధం కొనసాగాలని సంతకాలు చేసినవాళ్ల జాబితా ఒకటి, వద్దని చేసినవాళ్ల జాబితా మరొకటి. కొనసాగాలన్నవారిలో రాబర్ట్ హైన్‌లైన్ ఉన్నారు. వద్దన్నవారిలో ఐజాక్ అసిమోవ్, రే బ్రాడ్‌బరీ, అర్సులా లెగ్విన్ ఉన్నారు.

హైన్‌లైన్ నౌకాదళంలో అధికారిగా పనిచేసి, జబ్బు చేసి బయటికి వచ్చినవారు. 1959 నాటి 'స్టార్‌షిప్ ట్రూపర్స్'లో ఆయన కల్పించిన దేశంలో ఓటు ఊరికే రాదు. దేశసేవ పూర్తిచేసినవాళ్లకే వస్తుంది. దేశం కోసం ప్రాణం పణం పెట్టినవాడే దేశం గురించి బాధ్యతగా నిర్ణయిస్తాడన్నది ఆ కథలోని వాదం. చాలామంది దీన్ని సైనిక పాలనకు మెచ్చుకోలుగా చూసి కోప్పడ్డారు. ఆయనే 1966లో చంద్రుడి మీది జనం భూమి పెత్తనం మీద తిరగబడే నవల రాశారు.

లెగ్విన్ 1974లో రాసిన 'డిస్‌పొసెస్డ్' దీనికి ఎదురు చివర ఉంటుంది. అందులో ఒక గ్రహం మీద ప్రభుత్వం లేదు, చట్టం లేదు, సొంత ఆస్తి లేదు. అక్కడి భాషలో 'నాది' అనడం కూడా తప్పే. మన ఇళ్లలో ఒంటరిగా ఉండేవాడు కూడా 'నా ఇల్లు' అనకుండా 'మా ఇల్లు' అంటాడు కాబట్టి, ఆ భాష మనకు మరీ వింతగా తోచదు. అయినా లెగ్విన్ ఆ లోకాన్ని స్వర్గంగా చూపలేదు. చట్టం లేని చోట ఇరుగుపొరుగు ఏమంటారోనన్న భయమే చట్టమవుతుంది. కొత్తగా ఆలోచించే శాస్త్రవేత్తను పైవాడు తొక్కిపెడతాడు. తను ఇష్టపడే రాజ్యంలోని లోపాన్ని కూడా ఆమె దాచలేదు. అందుకే ఆమె మాట మీద నాకు నమ్మకం ఎక్కువ.

రికార్డు ఎవరిది?

రే బ్రాడ్‌బరీ 1953లో 'ఫారెన్‌హీట్ 451' రాశారు. ఆ దేశంలో ఫైర్ ఇంజన్‌వాళ్ల పని మంటలు ఆర్పడం కాదు, పుస్తకాలు తగలబెట్టడం. సర్కారు ఏదో ఒక రోజు ఉత్తర్వు వేసి పుస్తకాలను నిషేధించింది అనుకుంటాం. ఆ ఫైర్ స్టేషన్ అధికారి చెప్పేది వేరు. ముందు జనమే చదవడం మానేశారు, గోడంత టీవీలకు అలవాటుపడ్డారు, ఆ తర్వాతే సర్కారు అగ్గిపుల్ల గీసింది. చివర్లో కొందరు ఊరి బయట చేరి తలా ఒక పుస్తకాన్ని కంఠస్థం చేసి కాపాడుతుంటారు.

జార్జ్ ఆర్వెల్‌ను చివరికి ఉంచుకోవడానికి ఒక కారణం ఉంది. ఆయన 1903లో బిహార్‌లోని మోతీహారిలో పుట్టారు. తండ్రి బ్రిటిష్ ప్రభుత్వ నల్లమందు శాఖలో ఉద్యోగి. ఆర్వెల్ బర్మాలో పోలీసు అధికారిగా పనిచేశారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బీబీసీ నుంచి భారతదేశానికి వెళ్లే ప్రసారాల విభాగంలో రెండేళ్లు ఉన్నారు. సామ్రాజ్యం ఎలా నడుస్తుందో, వార్త ఎలా తయారవుతుందో లోపలి నుంచి చూసినవారు. జమ్యాతిన్ నవల చదివి 1946లో దాని మీద సమీక్ష కూడా రాశారు. 1949లో ఆయన నవల '1984' వచ్చింది.

దాని కథానాయకుడు విన్‌స్టన్ స్మిత్ వీరుడేమీ కాదు, నాలాంటి రికార్డు గుమాస్తా. పాత పత్రికలు తీసి, పాలకులు ఇవాళ చెప్పేదానికి సరిపోయేలా వాటిని తిరగరాయడం అతని ఉద్యోగం. జోస్యం తప్పితే పాత జోస్యాన్నే మారుస్తారు. శిక్షపడిన మనిషి పేరు ఎక్కడా మిగలదు. పాత కాగితం గోడలోని కంతలోంచి కొలిమిలోకి పోతుంది.

నేను ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా పనిచేశాను. చేరిన రోజే మా సూపరింటెండెంట్ గారు ఒక నియమం చెప్పారు. రిజిస్టరులో తప్పు పడితే చెరపకూడదు, తెల్ల సిరా పూయకూడదు. పాత అంకె కనబడేలా ఒకే గీత కొట్టి, పైన సరైనది రాసి, పక్కన ఇనీషియల్, తేదీ వేయాలి. తప్పు చేసినట్టూ తెలియాలి, దిద్దింది ఎవరో కూడా తెలియాలి. అప్పట్లో చాదస్తం అనుకున్నాను. '1984' చదివాకే ఆ ఒక్క గీత విలువ తెలిసింది. విన్‌స్టన్ దేశంలో లేనిది ఆ గీతే.

ఆ నవలలో మరో శాఖ కూడా ఉంది. అది నిఘంటువు తయారుచేస్తుంది. ప్రతి ముద్రణలో మాటలు తగ్గుతుంటాయి. మాట లేకపోతే ఆ ఆలోచన కూడా రాదని వాళ్ల లెక్క. మూడో తరానికి తెలుగులో నాలుగు వంట మాటలు, రెండు తిట్లు మాత్రమే మిగిలిన ఇళ్లు మనలో ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. మన నిఘంటువును ఏ శాఖా కత్తిరించలేదు. బ్రాడ్‌బరీ చెప్పినట్టు మనమే ముందు మానేశాం.

మన గుమ్మం దగ్గర

కిందటి జనగణనప్పుడు చెన్నైలో మా వీధిలోని ఒక ఇంట్లో జరిగింది చెబుతాను. వచ్చిన ఉద్యోగికి ఆ ఇంటి పెద్దావిడ జవాబులన్నీ తమిళంలో చెప్పారు. మాతృభాష ఏమిటని ఆయన అడగలేదు, ఆవిడకు చెప్పాలని తట్టలేదు. ఫారంలో తమిళం అని పడింది. పక్కన నిలబడిన మనవడు అది చూసి "మేం ఇంట్లో తెలుగు మాట్లాడతాం సార్" అన్నాడు. ఆయన మంచివాడు, వెంటనే దిద్దారు. కుట్ర ఏమీ లేదు. ఆ పిల్లవాడు చూడకపోతే మాత్రం ఆ ఇల్లు లెక్కలో తెలుగిల్లు కాకుండా పోయేది. బడిలో తెలుగు టీచరు కావాలని, గ్రంథాలయానికి తెలుగు పుస్తకాలు కావాలని మేం అర్జీ పట్టుకుని వెళ్లినప్పుడు ముందు అడిగేది ఆ లెక్కే.

మళ్లీ జనగణన వస్తోంది. మీరు బళ్లారిలో ఉన్నా, హోసూరులో ఉన్నా, బరంపురంలో, షోలాపూర్‌లో ఉన్నా ఇరుగుపొరుగుతో వాళ్ల భాషలోనే మాట్లాడండి, వాళ్లతో మనం 'మనమే'. మాతృభాష అన్న ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం తెలుగు అని చెప్పండి. చెప్పి ఊరుకోకండి, ఏం రాశారో ఒకసారి చూడండి.