నిన్నటిదాకా బాగానే ఉందండీ!

కుక్కను ఎత్తుకుని పశువైద్యుల గదిలోకి వచ్చేవాళ్ల నోట మొదట వచ్చే మాట దాదాపు ఒకటే: ‘నిన్నటిదాకా బాగానే ఉందండీ’. డాక్టరు తలూపి, నింపాదిగా అడగడం మొదలుపెడతారు. అన్నం సరిగా తింటోందా? నాలుగు రోజుల్నుంచి గిన్నెలో కొంచెం మిగులుస్తోంది. గేటు చప్పుడైతే లేచి వస్తోందా? ఈమధ్య పడుకునే తోక ఊపుతోంది, ఎండలకేమో అనుకున్నాం. మరి నీళ్లు? బాగా తాగుతోందండీ, మంచిదే కదా! ఇలా నాలుగు ప్రశ్నలయ్యేసరికి ఆ ‘నిన్న’ కాస్తా పోయిన ఆదివారం దాకా వెనక్కి జరుగుతుంది.

ఇందులో పెంచేవాళ్ల తప్పు కొంతే. కుక్క స్వభావమే అంత, బాధను బయటపడనివ్వదు. మూలుగూ అరుపూ వినిపించేది చాలా ముదిరాకే. కీళ్ల నొప్పులున్న కుక్క కుంటకపోవచ్చు. సోఫా ఎక్కడం మానేస్తుంది, మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది. పన్ను నొప్పి ఉన్నది ఆకలితో గిన్నె దాకా వచ్చి, వాసన చూసి వెనక్కి తిరుగుతుంది. కాబట్టి జబ్బుల పేర్లు బట్టీ పట్టే ముందు మన కుక్క బాగున్న రోజున ఎలా ఉంటుందో గమనించి పెట్టుకోవాలి. ఎంత తింటుంది, ఎన్నిసార్లు బయటికెళ్తుంది, ఏ మూల పడుకుంటుంది... ఇంట్లో ఈ లెక్కలన్నీ తెలిసేది ముచ్చటపడి కొనుక్కొచ్చిన అబ్బాయికి కాదు, రోజూ పెరుగన్నం కలిపి పెట్టే నానమ్మకే. ‘దీనికేదో అయిందిరా’ అని ఆవిడ అంటే కొట్టిపారేయకండి.

ముక్కు తడిగా ఉంటే ఆరోగ్యం, పొడిగా ఉంటే జ్వరం అనే నమ్మకం మన దగ్గర చాలా గట్టిది. అది నిజం కాదు. నిద్రలేచిన కుక్క ముక్కు పొడిగానే ఉంటుంది. 104 డిగ్రీల జ్వరంలోనూ ముక్కు తడిగా ఉండొచ్చు. ఒళ్లు వేడిగా తగిలిందన్నదీ లెక్కలోకి రాదు, ఎందుకంటే కుక్క మామూలు ఉష్ణోగ్రతే 101 నుంచి 102.5 ఫారన్‌హీట్. డిజిటల్ థర్మామీటరు కొసకు వాజలైన్ రాసి మలద్వారంలో పెట్టి చూస్తేనే సంగతి తెలిసేది. అది చేతకాకపోతే చిగుళ్లు చూడండి. పై పెదవి ఎత్తితే లేత గులాబీ రంగు కనిపించాలి. వేలితో నొక్కితే తెల్లబడిన చోటు ఒకటి రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. పాలిపోయి ఉంటే ఒంట్లో రక్తం తగ్గినట్టో, లోపల రక్తస్రావం అవుతున్నట్టో అనుమానించాలి. పసుపైతే కామెర్లు. నీలమైతే ఊపిరి అందడం లేదని అర్థం, ఆ క్షణమే బయల్దేరాలి. కొన్ని జాతుల చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి. అలాంటప్పుడు కంటి కింది రెప్పను కాస్త లాగి లోపలి రంగు చూస్తారు.

శ్వాసను మాత్రం నిద్రలో లెక్కపెట్టాలి. పొట్ట ఒకసారి లేచి తగ్గితే ఒకటి. హాయిగా నిద్రపోతున్న కుక్కలో నిమిషానికి ముప్పై దాటకూడదు. వయసు మళ్లిన కుక్కలో ఈ అంకె రోజురోజుకూ పెరుగుతోందంటే గుండె వైపు చూడాల్సిన పని పడింది.

పిడుదుల పని

మన వాతావరణంలో పెంపుడు కుక్కను దొంగదెబ్బ తీసేది టిక్ ఫీవర్. గోధుమ రంగు పిడుదు కుట్టినప్పుడు ఎర్లికియా అనే సూక్ష్మజీవి రక్తంలోకి చేరుతుంది. దీన్ని మొదట గుర్తించింది 1935లో, అల్జీరియాలో. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం తీసుకెళ్లిన జర్మన్ షెపర్డ్ కుక్కలు ఈ జబ్బుతోనే పెద్దసంఖ్యలో చనిపోవడంతో ప్రపంచం దృష్టి దీనిపై పడింది. ఇవాళ మన అపార్ట్‌మెంట్లలోనూ ఆ జాతికి ఇది సోకితే డాక్టర్లు ఎక్కువ జాగ్రత్త పడతారు.

ఈ పిడుదుకు అడవీ గడ్డీ అక్కర్లేదు. గోడ పగుళ్లలో, తలుపు చట్రం వెనక, మంచం కోళ్ల సందుల్లో వేల గుడ్లు పెట్టి, తరాల తరబడి ఇంట్లోనే కాపురం చేస్తుంది. ‘మా కుక్క బయటికే వెళ్లదు’ అన్న భరోసా అందుకే పనికిరాదు. కుట్టిన ఒకటి నుంచి మూడు వారాల్లో జ్వరం, నీరసం, తిండి మీద అయిష్టం కనిపిస్తాయి. తర్వాత వాటంతటవే సర్దుకున్నట్టూ అనిపిస్తుంది. అసలు మోసం అక్కడే ఉంది. కొన్ని కుక్కల్లో జబ్బు నెలల తరబడి లోపలే నక్కి, ప్లేట్‌లెట్లను తినేస్తూ పోతుంది. ఒకరోజు ముక్కులోంచి రక్తం కారుతుంది, లేదా బొచ్చు తక్కువగా ఉండే పొట్ట చర్మం మీద ఎర్రటి చుక్కలు తేలతాయి. బెబీసియా అనే మరో పిడుదు జబ్బులో మూత్రం కాఫీ డికాక్షన్‌లా దిగుతుంది.

రక్తపరీక్ష చేస్తే చాలావరకు తేలిపోతుంది. ఎర్లికియాకు డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు వాడతారు. మూడో రోజుకే కుక్క లేచి అన్నం తింటుంది, ఇంట్లోవాళ్లు మాత్రలు ఆపేస్తారు. చికిత్స చెడేది చాలాసార్లు ఇక్కడే.

పిడుదు కనిపిస్తే కిరోసిన్ చుక్క వేయడం, అగరొత్తితో కాల్చడం వద్దు. ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిలకడగా లాగేయాలి. చేతి గోళ్ల మధ్య నలపకూడదు. చెవి లోపల, వేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద వెతకండి, అవి ఎక్కువగా దాక్కునేది అక్కడే. ఊళ్లలో గేదెల పిడుదులకు, గోమార్లకు తెచ్చిన మందునే బకెట్ నీళ్లలో కలిపి కుక్కకూ పోస్తుంటారు. పాళ్లు కాస్త తప్పినా కుక్క ఒళ్లు నాకి చొంగ కారుస్తూ, వణుకుతూ పడిపోతుంది. ఇంకో ముచ్చట: గేదెలకు వేసే ఐవర్‌మెక్టిన్ సూది కోలీ జాతి కుక్కలకు ప్రాణాంతకం. వాటిలో చాలావాటికి ఆ మందు మెదడులోకి వెళ్లకుండా ఆపే జన్యువు సరిగా పనిచేయదు.

కడుపు చెప్పే కబుర్లు

కుక్క గడ్డి తింటే జబ్బు చేసిందనుకోనక్కర్లేదు. అప్పుడప్పుడూ తినడం దానికి అలవాటే. పొద్దున్నే ఖాళీ కడుపుతో ఒకసారి పసుపు నురగ కక్కి, ఆ తర్వాత హుషారుగా తిరుగుతున్నా కంగారు పడొద్దు, రాత్రి కాస్త ఆలస్యంగా ఓ ముద్ద పెట్టి చూడండి. పెద్ద కుక్కకు ఒకటి రెండు విరేచనాలైతే ఒక పూట తిండి ఆపి, నీళ్లు అందుబాటులో ఉంచి, తర్వాత ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్, మెత్తటి అన్నం పెడితే తరచూ సర్దుకుంటుంది. వాంతులు ఆగకపోయినా, నీళ్లు తాగినా కక్కేస్తున్నా ఇంటివైద్యం అక్కడితో ఆగాలి. మెడ వెనక చర్మాన్ని పట్టి ఎత్తి వదిలితే వెంటనే సర్దుకోకుండా గుడారంలా నిలబడిపోతే ఒంట్లో నీరు తగ్గిపోయిందని గుర్తు.

కూనల విషయంలో మాత్రం పస్తు పెట్టి చూద్దామన్న మాటే వద్దు. ఆరు వారాల నుంచి ఆరు నెలల లోపు కూన ఆడుకోవడం మానేసి మూలన కూర్చుని, కక్కుతూ, ముక్కు పగిలే వాసనతో రక్త విరేచనాలు చేసుకుంటోందంటే ముందుగా అనుమానించాల్సింది పార్వోనే. 1978లో బయటపడి ప్రపంచమంతా పాకిన వైరస్ ఇది. దీన్ని నేరుగా చంపే మందు లేదు. సెలైన్, వాంతులకు మందు, పేగుల్లో చేరే బ్యాక్టీరియాకు యాంటీబయాటిక్... ఇవన్నీ కూన తన శక్తితో తాను గట్టెక్కేదాకా ప్రాణం నిలబెట్టేవే. పొద్దున కనిపిస్తే సాయంత్రం దాకా ఆగడం కూడా ఆలస్యమే. ‘దిష్టి తగిలిందేమో’ అంటారు పెద్దవాళ్లు. దిష్టి తీయండి, ఎవరూ కాదనరు, తీసిన వెంటనే ఆటో ఎక్కండి. వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిల్‌కు ఓ పట్టాన లొంగదు, బ్లీచింగ్‌తో కడగాలి. ఆ ఇంట్లోకి వెంటనే కొత్త కూనను తేకూడదు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయించే టీకాలు ఈ బాధ చాలావరకు తప్పిస్తాయి. ఒక్క డోసు వేయించి వీధిలోకి వదిలేస్తేనే ఇబ్బంది.

జబ్బు కన్నా మన మందుల డబ్బా ఎక్కువ హాని చేసే సందర్భాలున్నాయి. జ్వరమొచ్చిందని పారాసెటమాల్, కుంటుతోందని డైక్లోఫెనాక్ లేదా ఐబుప్రోఫెన్ వేస్తారు. మొదటిది కాలేయాన్ని, మిగతా రెండూ జీర్ణాశయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. చిన్న కుక్కకు ఒక్క మాత్రే ఎక్కువ కావచ్చు. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి కూడా దానికి విషాలే. బిర్యానీ మిగిలిందని ముక్కలు పెట్టేవాళ్లు అందులోని ఉల్లిపాయ సంగతి మర్చిపోతుంటారు.

ఎండ గురించి వేరే చెప్పాలి. కుక్కకు చెమట పట్టేది పాదాల అడుగున మాత్రమే, ఒళ్లు చల్లబరచుకోవడానికి ఉన్న అసలు దారి రొప్పడమే. ముక్కు చప్పిడిగా ఉండే పగ్‌కు ఆ దారీ ఇరుకే. దాన్ని రోహిణి కార్తెలో మధ్యాహ్నం వాకింగ్‌కు తిప్పడం, మంచు దేశపు హస్కీని మేడ మీద షెడ్డులో కట్టేయడం నా లెక్కలో ప్రేమ కాదు. ఎండదెబ్బ తగిలిన కుక్క ఆగకుండా రొప్పుతుంది, చిక్కటి చొంగ కారుతుంది, చిగుళ్లు ఇటుక రంగులోకి మారతాయి, నడక తూలుతుంది. ముందు చల్లబరచాలి, తర్వాతే బండెక్కించాలి. ఒళ్లంతా మామూలు నీళ్లు పోసి ఫ్యాను గాలి తగలనివ్వండి. తడి తువ్వాలు కప్పేసి ఉంచితే వేడి లోపలే ఉండిపోతుంది. స్పృహ సరిగా లేని కుక్క నోట్లో నీళ్లు పోయకూడదు.

డాబర్‌మ్యాన్, గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ లాంటి లోతైన ఛాతీ ఉన్న కుక్క పొట్ట ఉబ్బి, కక్కబోతూ ఏమీ రాక అటూ ఇటూ తిరుగుతోందంటే జీర్ణాశయం మెలిపడి ఉండొచ్చు. ఆపరేషనే మార్గం, చేతిలో ఉన్నది కొన్ని గంటలే. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్క ఎదకొచ్చి వెళ్లిన ఒకటి రెండు నెలల్లో నీళ్లు విపరీతంగా తాగుతూ నీరసపడితే గర్భసంచిలో చీము పట్టిందేమో చూపించాలి. చీము బయటికి కారాలనేమీ లేదు. మూర్ఛ వస్తే చేతిలో తాళాలు, నోట్లో చెంచా పెట్టొద్దు. చుట్టూ ఉన్న సామాను జరిపి గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటితే అత్యవసరమే.

ఒక్క విషయంలో మాత్రం కుక్క కన్నా ముందు మన ప్రాణం చూసుకోవాలి. దవడ జారి, చొంగ కారుస్తూ, గొంతు మారి, మింగలేకపోతున్న కుక్కను చూసి గొంతులో ఎముక అడ్డుపడిందని చెయ్యి పెట్టి వెతుకుతుంటారు. అది రేబిస్ కావచ్చు. ఆ కుక్క కరిచినా, గాయం మీద నాకినా సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు టీకా మొదలుపెట్టాలి. కుక్కకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించాలి. ఏటా జులై 6న, జూనోసిస్ దినం నాడు మన పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు.

డాక్టరు దగ్గరికి కుక్కను డ్రైవరుతో పంపకండి. దానికి తిండి పెట్టే మనిషి వెంట వెళ్లాలి. దగ్గు, మూర్ఛ, వింత నడక లాంటివి ఆసుపత్రి బల్ల మీద కనిపించకపోవచ్చు, ఇంట్లోనే ఫోన్లో వీడియో తీసుకోండి. ఏదైనా మింగిందని అనుమానముంటే ఆ మందు డబ్బానో, మాత్రల షీటో తీసుకెళ్లండి. రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి మీ ఊళ్లో ఏదో కుక్క బాగున్నప్పుడే కనుక్కుని నంబరు దాచుకోండి. నొప్పిలో ఉన్న కుక్క యజమానినైనా కరుస్తుంది కాబట్టి మెత్తటి గుడ్డ పీలికతో మూతి కట్టి తీసుకెళ్లడం మేలు. వాంతులు చేసుకుంటున్నా, ఆయాసపడుతున్నా మాత్రం కట్టకూడదు.